చదువు నేర్చిన పందులు

ఇంగ్లిష్ క్లాసులో జార్జ్ ఆర్వెల్ నవల ‘యానిమల్ ఫామ్’ మొదలైందంటే బోర్డు మీద ముందుగా పడేది ఒక పట్టిక. ఎడమవైపు జంతువులు, కుడివైపు మనుషులు. కలగని ఉపన్యాసమిచ్చే ముసలి పంది ఓల్డ్ మేజర్‌కి ఎదురుగా మార్క్స్, లెనిన్. నాయకత్వం చేపట్టే పందుల్లో నెపోలియన్‌కి ఎదురుగా స్టాలిన్. స్నోబాల్ అంటే ట్రాట్‌స్కీ. బండచాకిరీ చేసే బాక్సర్ గుర్రం కార్మికవర్గం. రిబ్బన్ల కోసం దొడ్డి వదిలి పారిపోయే మోలీ, విప్లవం కాగానే దేశం దాటిన రష్యన్ సంపన్నులు. పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకుంటారు, పరీక్షలో దించేస్తారు.

బ్రిటన్‌లో పదిహేను, పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈ ఇంగ్లిష్ సాహిత్యం పరీక్షకు ఎంచుకోదగ్గ పుస్తకాల్లో ఇదొకటి. అమెరికా హైస్కూళ్లలోనూ దశాబ్దాలుగా పాఠ్యపుస్తకమే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇళ్లలో, నాన్‌డీటెయిల్డ్‌ని గైడు చూసి గట్టెక్కిన అమ్మానాన్నలు ఇప్పుడు పిల్లల పక్కన కూర్చుని ఈ పందుల కథ చదువుతున్నారు. పుస్తకం పల్చన, భాష తేలిక. ఆర్వెల్ దాన్ని అద్భుత కథ అనే పిలిచాడు. సోవియట్ యూనియన్ కూలిపోయాక పుట్టిన పిల్లలకు స్టాలిన్ ఎవరో చెప్పాలి కాబట్టి, టీచర్లు రెండు పీరియడ్లు చరిత్ర చెప్పి, పట్టిక వేసి, పని కానిస్తారు.

ఆ పట్టిక తప్పని కాదు. ఆర్వెల్ రాసింది రష్యా గురించే, సందేహం లేదు. కానీ పట్టిక చేతికి వచ్చిన క్షణం నుంచి కథ ఎక్కడో దూరదేశంలో, ఎప్పుడో చచ్చిపోయినవాళ్ల గొడవైపోతుంది. అధికారం ఎలా పోగుపడుతుందో, అసమానత ఏ తలుపు గుండా లోపలికి వస్తుందో ఆర్వెల్ చాలా దగ్గరగా చూపించాడు. ఆ తలుపు ఇంగ్లిష్ క్లాసులోనే ఉంది. దాని పేరు చదువు.

ఎవరికి ఎన్ని అక్షరాలు

యజమానిని తరిమేసి జంతువుల తిరుగుబాటు కాగానే పందులు ఒక సంగతి బయటపెడతాయి. యజమాని జోన్స్ పిల్లలు చెత్తకుప్పలో పారేసిన పాత అక్షరాల పుస్తకంతో మూడు నెలలుగా అవి చదవడం, రాయడం నేర్చుకుంటున్నాయట. అంటే విప్లవానికి ముందే అవి మిగతావాళ్ల కంటే ఒక మెట్టు పైకెక్కి కూర్చున్నాయి. ఎవరూ దాన్ని తప్పుపట్టరు. తప్పుపట్టడానికేముంది, చదువుకోవడం మంచిదేగా!

తర్వాత అందరికీ బడి పెడతారు. ఇక్కడ ఆర్వెల్ ఒక్కొక్కరి చదువునూ హాజరు పట్టీలా రాస్తాడు. కుక్కలకు చదవడం బాగానే వచ్చు, కానీ గోడ మీద రాసిన ఏడు సూత్రాలు తప్ప ఇంకేదీ వాటికి అక్కర్లేదు. మురియెల్ మేక చెత్తలో దొరికిన పేపరు ముక్కలు చదివి సాయంత్రాలు నలుగురికీ వినిపిస్తుంది. క్లోవర్ గుర్రానికి అక్షరాలన్నీ వచ్చు, కూడబలుక్కుని మాట చేయడం రాదు. బాక్సర్ నాలుగో అక్షరం దాటలేదు. కష్టపడి తర్వాతి నాలుగూ నేర్చుకునేసరికి మొదటి నాలుగూ మర్చిపోయింది. మోలీ తన పేరులోని అక్షరాలు మాత్రం నేర్చుకుని, పుల్లలతో పేర్చి, పూలు పెట్టి మురిసిపోయింది. బెంజమిన్ గాడిద ఏ పందికీ తీసిపోకుండా చదవగలదు, కానీ చదవదు. చదవాల్సినంత గొప్ప విషయమేదీ లేదంటుంది.

ఈ పేరా దగ్గర క్లాసు ఒక రోజు ఆగినా నష్టం లేదు. తర్వాత జరగబోయేదంతా ఇక్కడే ఉంది. మన పల్లెల్లో కరణం రాసిన లెక్క మీద వేలిముద్ర వేసిన రైతుకి ఇది వివరించి చెప్పనక్కర్లేదు. కాగితంలో ఏముందో ఒక్కరికే తెలిసిన చోట రాజ్యం ఎవరిదో వేరే చెప్పాలా? 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసేదాకా మనవాళ్లు తరతరాలుగా చూసిన సంగతే.

గోడ మీది సూత్రాలు ఒక్కటొక్కటిగా మారుతుంటాయి. మంచాల మీద పడుకోకూడదన్న చోట దుప్పట్ల మాట చేరుతుంది. చంపకూడదన్న చోట కారణం మాట చేరుతుంది. క్లోవర్‌కి ఎక్కడో అనుమానం. ఇంతకుముందు ఇలా లేదేమో అనిపిస్తుంది. కానీ తాను చదవలేదు, మురియెల్‌ని పిలిచి చదివించుకుంటుంది. గోడ మీద ఉంది కాబట్టి తన జ్ఞాపకమే తప్పయి ఉంటుందని ఊరుకుంటుంది. ఒక అర్ధరాత్రి పెద్ద చప్పుడు వినబడి అందరూ పరుగెత్తుకెళ్తే, కొట్టం గోడ కింద నిచ్చెన రెండు ముక్కలై పడి ఉంటుంది. పక్కనే స్క్వీలర్ అనే పంది వెల్లకిలా, దాని దగ్గర లాంతరు, కుంచె, ఒలికిపోయిన తెల్లరంగు డబ్బా. దొంగ సొత్తుతో సహా దొరికాడు! అయినా ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఒక్క బెంజమిన్‌కి తప్ప. అది తల ఊపి ఊరుకుంటుంది.

ఆ ఊరుకోవడానికి మూల్యం బాక్సర్ చెల్లిస్తుంది. పనిచేసి పనిచేసి కూలబడిన గుర్రాన్ని ఆస్పత్రికని బండి ఎక్కిస్తారు. జంతువులన్నీ చుట్టూ మూగి వీడ్కోలు చెబుతుంటాయి. బండి మీద పెద్ద అక్షరాలతో గుర్రాల్ని కోసేవాడి పేరు ఉంది. బెంజమిన్ అరుస్తూ, గంతులేస్తూ వచ్చి, కూడబలుక్కుంటున్న మురియెల్‌ని పక్కకి తోసి, జీవితంలో మొదటిసారి నలుగురి కోసం పైకి చదువుతుంది. అప్పటికే బండి కదిలింది.

అయిదు బకెట్ల పాలు

చాలామంది పిల్లలు ఈ నవలలో అన్యాయం ఎక్కడ మొదలైందంటే నెపోలియన్ కుక్కల్ని ఉసిగొల్పి స్నోబాల్‌ని తరిమేసిన చోటు చూపిస్తారు. పట్టిక చేసిన కీడు ఇదే. స్నోబాల్ మంచి నాయకుడు, నెపోలియన్ చెడ్డ నాయకుడు, చెడ్డవాడు గెలిచాడు కాబట్టి అంతా పాడైంది అనే లెక్క అక్కడికక్కడే సరిపోతుంది.

ఆర్వెల్ అలా అనుకోలేదు. మొదటి రోజే అయిదు బకెట్ల పాలు పిండుతారు. ఆ పాలు ఏం చేద్దామని ఎవరో అడుగుతారు. నెపోలియన్ బకెట్లకు అడ్డంగా నిలబడి, ముందు కోతల పని చూడమంటుంది. సాయంత్రానికి పాలు ఉండవు. కొన్నాళ్లకు తెలుస్తుంది, రోజూ పందుల కుడితిలో కలుస్తున్నాయని. రాలిన ఆపిళ్లూ వాటికే. ఈ విషయంలో పందులన్నీ ఒక్కమాట మీద ఉన్నాయి, స్నోబాల్‌తో సహా. ఇది పిల్లలు దాదాపుగా గమనించని వాక్యం. స్క్వీలర్ వచ్చి చెబుతుంది: మాకు పాలంటే ఇష్టం కూడా లేదు, మీ కోసమే తాగుతున్నాం, మెదడుతో పనిచేసేవాళ్లం, మేం తాగకపోతే జోన్స్ తిరిగొస్తాడు. జోన్స్ పేరెత్తగానే అందరూ నోరు మూసుకుంటారు.

1946 చివర్లో అమెరికన్ రచయిత డ్వైట్ మెక్‌డొనాల్డ్‌కి రాసిన జవాబులో ఆర్వెల్ ఈ ఘట్టమే కథకు మలుపని చెప్పాడు. పాలూ ఆపిళ్లూ పందులు దక్కించుకున్నప్పుడే మిగతావి అడ్డం తిరిగి ఉంటే సరిపోయేదన్నాడు. జనం మెలకువగా ఉండి, పని పూర్తికాగానే నాయకుల్ని దించేయడం తెలిసినప్పుడే విప్లవం ఫలిస్తుందన్నది ఆయన ఉద్దేశం. విప్లవాలన్నీ దండగ అని ఈ పుస్తకంతో పాఠం చెప్పే టీచర్లు ఆ ఉత్తరాన్ని కూడా బోర్డు మీద రాస్తే బాగుంటుంది. ఆర్వెల్ చివరిదాకా సోషలిస్టే.

పందులంటే అభ్యంతరం

క్లాసులో వివరంగా చెప్పదగ్గ ఇంకో కథ, ఈ పుస్తకం అచ్చయిన కథ. ఆర్వెల్ దీన్ని 1943 చివర మొదలుపెట్టి 1944 ఆరంభానికి పూర్తిచేశాడు. హిట్లర్ మీద యుద్ధంలో స్టాలిన్ బ్రిటన్‌కు మిత్రుడు. ప్రచురణకర్త విక్టర్ గొలాంజ్ కాదన్నాడు. ఇంకో ప్రచురణకర్త జొనాథన్ కేప్ ముందు ఒప్పుకుని, సమాచార శాఖలోని ఒక అధికారి సలహా విని వెనక్కి తగ్గాడు. పాలకవర్గాన్ని పందులుగా చూపడం రష్యన్లకు కోపం తెప్పిస్తుందన్నది కేప్ బెంగ. ఆ సలహా ఇచ్చినవాడని భావిస్తున్న పీటర్ స్మాలెట్ సోవియట్ ఏజెంటని తర్వాత బయటపడింది.

అన్నిటికంటే నాకు నచ్చేది ఫేబర్ సంస్థ తరఫున కవి టి.ఎస్. ఎలియట్ రాసిన తిరస్కరణ ఉత్తరం. పందులు మిగతా జంతువులకంటే తెలివైనవి కాబట్టి పాలించడానికి అవే తగినవి, కావలసిందల్లా ప్రజాహితం కోరే పందులు ఇంకొన్ని, అన్నది అందులోని సారాంశం. ఒక మహాకవి స్క్వీలర్ వాదనను స్క్వీలర్ కంటే మర్యాదగా చెప్పాడు. చదువుకున్నవాళ్లకే పాలించే హక్కు అనే మాట పందుల దొడ్డిలోనే కాదు, ప్రచురణకర్తల బల్ల దగ్గరా చెల్లుబాటైంది. అమెరికాలో ఇంకొకరు జంతువుల కథలు అమ్ముడుపోవని తిప్పి పంపారు. చివరికి ఫ్రెడ్రిక్ వార్‌బర్గ్ ధైర్యం చేస్తే, కాగితం కరువు దాటుకుని 1945 ఆగస్టు 17న పుస్తకం బయటికొచ్చింది.

అచ్చుకు ముందు ఆర్వెల్ ఒక చిన్న దిద్దుబాటు చేశాడు. తాము కట్టుకున్న గాలిమర పేలిపోయినప్పుడు జంతువులన్నీ నేలకు కరుచుకున్నాయని ఉన్న చోట, నెపోలియన్ తప్ప అని మార్చమన్నాడు. జర్మన్లు ముంచుకొచ్చినప్పుడు స్టాలిన్ మాస్కో విడిచిపోలేదు కాబట్టి, అతనికి అన్యాయం చేయకూడదని. తాను అసహ్యించుకున్నవాడి విషయంలో ఈపాటి నిజాయతీ చూపించినవాడిని, పిల్లలకు వ్యంగ్య రచయిత అని ఒక్క ముక్కలో పరిచయం చేస్తే ఎలా?

ఆ తర్వాత పుస్తకం ఎవరెవరి చేతుల్లోనో పడింది. 1947లో జర్మనీలోని శరణార్థి శిబిరాల్లో ఉన్న ఉక్రేనియన్ల కోసం అచ్చువేసిన ప్రతుల్లో కొన్నిటిని అమెరికన్ సైన్యమే పట్టుకుని సోవియట్ అధికారులకు అప్పజెప్పింది. కొన్నేళ్లకు అదే అమెరికా దీన్ని ఆయుధంగా మార్చుకుంది. ఆర్వెల్ 1950లో పోయాడు. 1954లో వచ్చిన కార్టూన్ సినిమాకు తెరవెనక డబ్బు సీఐఏది. నవల చివర కిటికీలోంచి చూస్తే పంది ఎవరో మనిషి ఎవరో తెలియదు. సినిమా చివర మనుషులే లేరు, జంతువులు మళ్లీ తిరగబడి పందుల్ని కూల్చేస్తాయి. క్లాసుల్లో ఇప్పటికీ వేసే సినిమా ఇదే. పుస్తకం చదవకుండా అది చూసి పరీక్ష రాసిన పిల్లాడు ముగింపు దగ్గర దొరికిపోతాడు.

తెలుగులో దీన్ని జనమంచి రామకృష్ణ ‘పశువుల దివాణం’గా తెచ్చారు. 1951లో సాయుధ పోరాటం విరమించిన నేల మనది, 1955 ఆంధ్ర ఎన్నికలు కమ్యూనిస్టుల చుట్టూనే తిరిగిన నేల. ఇలాంటి చోట ఈ పుస్తకాన్ని ఎర్రజెండా మీదకి విసరడానికి పనికొచ్చే రాయిగా చూడటం తేలిక, ఆ కారణానికే ముట్టకుండా పక్కన పెట్టడమూ తేలిక. 2001లో జింబాబ్వేలో ‘డైలీ న్యూస్’ పత్రిక దీన్ని సీరియల్‌గా వేసినప్పుడు బొమ్మల్లో నెపోలియన్‌కి అప్పటి అధ్యక్షుడు ముగాబే కళ్లజోడు పెట్టారు. 2018లో చైనాలో అధ్యక్షుడి పదవీకాల పరిమితి ఎత్తేస్తున్న రోజుల్లో ఈ నవల పేరు కొడితే సామాజిక మాధ్యమాల్లో దొరక్కుండా చేశారు. ఆ రెండు దేశాల పాఠకులెవరికీ పట్టిక అవసరం పడలేదు.

మళ్లీ క్లాసుకి వస్తే, బ్రిటన్‌లో ఇప్పుడు జీసీఎస్ఈ పరీక్ష హాల్లోకి పుస్తకం తీసుకెళ్లనివ్వరు. వాక్యాలు బట్టీపట్టి వెళ్లాలి. దాంతో ట్యూషన్లలో, రివిజన్ గైడుల్లో ఏ పాత్రకు ఏ వాక్యం గుర్తుంచుకోవాలో జాబితాలు తయారయ్యాయి. నవలలో గొర్రెలకు ఏడు సూత్రాలూ గుర్తుండక, స్నోబాల్ వాటిని ఒక్క నినాదంగా కుదించి ఇస్తే అవి పొలంలో పడుకుని గంటలకొద్దీ అదే అరుస్తూ ఉంటాయి. ఆ ఘట్టం నుంచి కూడా బట్టీకి ఒక వాక్యం ఉంటుంది, గైడులో దాని కింద గీత గీసి మరీ ఇస్తారు.