ఆ ఫోన్లు చేసింది నేనే!

"అక్కా, నేను మంచిగనే ఉన్న. చెయ్యి ఒక్కటే లేస్తలేదు."

నవంబరు నెల, సాయంత్రం ఆరున్నర. మా తోడికోడలు దేవరకొండ రోడ్డులో ఓ ఊరి బడిలో టీచరు. నల్గొండ నుంచి రోజూ స్కూటీ మీదే వెళ్లొస్తుంది. ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చారు. "ఎక్కడున్నవ్? జల్ది రా, వచ్చేటప్పుడు నూనె ప్యాకెట్ తే" అని అరగంటలో రెండుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి తనే చేసింది, ఎవరో దారినపోయే వాళ్ల ఫోను నుంచి!

రోడ్డు మీద వడ్లు ఆరబోసి, పొద్దుగూకగానే కుప్ప చేసి నల్ల పట్టా కప్పారు. పట్టా లేచిపోకుండా చుట్టూ రాళ్లు. తారురోడ్డూ నలుపే, పట్టా నలుపే. రాయి తగిలి బండి పల్టీ కొట్టింది. మణికట్టు విరిగింది. హెల్మెట్ మీద జానెడు పొడుగున గీత. దాన్ని చూస్తే నాకిప్పటికీ కాళ్లు వణుకుతాయి.

రైతును తిట్టాలనిపించింది. కానీ తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు. కల్లం లేనివాడు ఎక్కడ ఆరబోసుకుంటాడు? పోలీసులు వద్దని చెబుతూనే ఉంటారు, కుప్పలు పడుతూనే ఉంటాయి. అందుకే వానాకాలం కోతలప్పుడూ, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో యాసంగి కోతలప్పుడూ చీకటి పడితే, మన లైటు వెలుగు పడేంత దూరంలో బండి ఆగేలా నెమ్మదిగానే పోవాలి. వెనకలైటు లేని వడ్ల ట్రాక్టర్లు తిరిగేదీ ఆ రోజుల్లోనే.

అప్పటి నల్గొండ జిల్లా, సంస్థాన్ నారాయణపురం దగ్గర తండాలో పుట్టిన సరిత 2015లో ఢిల్లీలో తొలి మహిళా బస్సు డ్రైవరయింది. 2025లో మన ఆర్టీసీలోనూ తొలి మహిళా డ్రైవరుగా హైదరాబాద్ - మిర్యాలగూడ బస్సు నడిపింది. ఎంత గర్వంగా అనిపించిందో! ఆర్టీసీ డ్రైవరు డ్యూటీ ఎక్కే ముందు డిపోలో నోట్లో గొట్టం పెట్టి మరీ పరీక్ష చేస్తారు. మరి స్కూటీ మీద డ్యూటీకి పోయే టీచరమ్మనో, నర్సమ్మనో ఎవరు చూస్తారు? ఆమె నాలుగింటికి లేచి వంట చేసి, పిల్లల డబ్బాలు సర్ది, ఎనిమిది దాటాక పరుగున బండెక్కుతుంది. వంటింట్లో పోయిన పది నిమిషాలను రోడ్డు మీద రాబట్టుకోవాలని చూస్తుంది.

జడ్చర్లలో నా స్నేహితురాలు ఏఎన్ఎం. టీకాల రోజున ఊళ్లకు పోవాలి. బెంగుళూరు హైవే మీద యూటర్న్ దూరమని అందరూ రాంగురూటులో పోతుంటే తను మాత్రం చుట్టూ తిరిగి పోతుంది. చున్నీని నడుముకు బిగించి, ఫోను డిక్కీలో వేసి తాళం పెడుతుంది. "మోగితే మోగనీ, ఎట్లా వినపడదు గదా" అంటుంది.

"నాకు అలవాటైన రోడ్డే గదా" అనే ధీమా మంచిది కాదు. నందమూరి హరికృష్ణ 1980లలో తండ్రి ప్రచారానికి చైతన్యరథం నడిపి రాష్ట్రమంతా తిరిగిన మనిషి. 2018 ఆగస్టు 29న పెళ్లికని కావలి బయల్దేరి, మా నల్గొండకు దగ్గర్లో అన్నెపర్తి వద్ద కారు ప్రమాదంలో చనిపోయారు. సీటుబెల్టు పెట్టుకోలేదని అప్పట్లో పోలీసులు చెప్పారు. స్కూటీ మీద మనకు బెల్టు లేదు, హెల్మెటే దిక్కు. వెనక కూర్చున్న పిల్లలకు కూడా, నాలుగేళ్లు దాటితే, చట్టం ప్రకారం హెల్మెట్ ఉండాల్సిందే. బడి దగ్గర దింపడానికేగా అని మనం వదిలేస్తుంటాం.

కట్టు విప్పాక తోడికోడలు మళ్లీ డ్యూటీలో చేరింది. ఇప్పుడు కూరగాయలు రాత్రే తరిగి పెడుతున్నాను. డబ్బాలు మా మరిది సర్దుతాడు. మొదట్లో మూతలు మారిపోయేవి, ఇప్పుడు ఫర్వాలేదు. సాయంత్రం నూనె అయిపోతే నేనే వీధి చివరికి వెళ్లి తెచ్చుకుంటున్నాను. తను ఇల్లు చేరేదాకా ఫోను ముట్టుకోను. ఆరు దాటిందంటే మాత్రం గేటు దగ్గరే నిలబడి ఉంటాను.