పుట్టింటి నుండి తెచ్చిన విత్తనం

ఒక ఆదివారం ఆబిడ్స్‌లో ఆరాధన ముగించుకొని, పేవ్‌మెంటు మీద పరచిన పాత పుస్తకాలు చూస్తుండగా, ఆకుముక్కలను గొడుగుల్లా ఎత్తుకొని నడిచే చీమల బొమ్మ మా పిల్లల కంటబడింది. అక్కడనుండి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌కు వెళ్లి చెట్ల మొదళ్లన్నీ వెదికారు. కనబడలేదు. ఆ చీమలు అమెరికా ఖండాలలోనే ఉంటాయి.

వింత ఏమిటంటే, అవి మోసుకుపోయే ఆకు వాటి పిల్లలకు ఆహారం కాదు. దానిని నమిలి ముద్దచేసి, పుట్టలో ఒక జాతి బూజును పండిస్తాయి. పిల్లలు పెరిగేది ఆ బూజు తినే. మన పొలాల్లోని చెదపురుగులలో కొన్ని ఎండుటాకులతో, పుల్లలతో ఇటువంటి సేద్యమే చేస్తాయి. వానలకు చెదపుట్టల మీద మొలిచే పుట్టగొడుగులు ఆ సేద్యంలోనివే. తెలిసినవారు వాటిని ఏరి కూర వండుకుంటారు.

ఆకుచీమల రాణి కొత్త కాపురానికి ఎగిరిపోయేటప్పుడు తల్లిపుట్టలోని బూజు చిన్న ముక్కను నోటిలో పెట్టుకొని పోతుంది. ఆ ముక్క చనిపోతే కొత్త పుట్ట నిలువదు.

ప్రియులారా, సామెతల గ్రంథం 6వ అధ్యాయంలో జ్ఞాని మనలను చీమ దగ్గరకే పంపాడు. ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు మంచం, బీరువా, సారె లెక్క చూచుకుంటాం. ప్రార్థన అనే విత్తనం ఆమె నోట ఉన్నదా? కొడుకు హాస్టలుకు వెళ్లేటప్పుడు పెట్టెలో బైబిలు పెడితే చాలదు. మన ఇంట్లో పండనిది పిల్లల నోటికి ఎక్కడనుండి వస్తుంది? ఈ రాత్రే అందరం కలిసి మోకరిద్దాం.