ఉక్కు నగరపు చిత్రాల్లో మేటి ఏది?

కట్టడాల ఛాయాచిత్రాల పోటీలో న్యాయనిర్ణేత ముందుగా కట్టడం అందాన్నీ, దానిని చూపిన చిత్రం పనితనాన్నీ వేరుచేసి చూడవలసి ఉంటుంది. తాజ్‌మహల్‌ను ఎవరు తీసినా కట్టడమే సగం మార్కులు సంపాదించి పెడుతుంది గనుక, తీసినవారి ప్రతిభ ఎంతో తేల్చడం తేలిక కాదు. 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైన ‘వికీ లవ్స్ మాన్యుమెంట్స్’ అనే పోటీకి 2012లో మూడున్నర లక్షలకు పైగా చిత్రాలు చేరగా, ఒక్కొక్క దేశపు న్యాయనిర్ణేతలు పది వరకు ఏరి పంపిన వాటిలోంచి ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ సమాధి చిత్రం ఆ ఏడాది అంతర్జాతీయ ప్రథమ బహుమతి పొందింది.

ఉక్కు నగరమైన జంషెడ్‌పూర్‌లో ఇటువంటి పోటీ పెడితే ప్రాచీన వైభవం అండ దొరకదు. 1908లో నిర్మాణం మొదలై, 1919లో జంషెడ్‌జీ టాటా పేరు పెట్టుకున్న ఊరు ఇది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం కేంద్ర రక్షణ పొందాలంటే కట్టడానికి కనీసం వందేళ్లు నిండి ఉండాలి కాబట్టి, ఇక్కడి తొలి కట్టడాలు ఆ వయసుకు చేరి ఎంతో కాలం కాలేదు. అందుచేత పేరు చూసి మార్కు వేసే వీలు లేక, పోటీ నిజంగా చూపుకు పరీక్ష అవుతుంది.

తరతరాలుగా ఇక్కడ స్థిరపడిన తెలుగువారికి పరిచయమైన టెల్కో ప్రాంతంలోని భువనేశ్వరీ ఆలయాన్నే తీసుకుంటే, దాని ద్రావిడ శైలి గోపురాన్ని కింద నిలబడి తీసేటప్పుడు కెమెరాను పైకి ఎత్తక తప్పదు. అలా ఎత్తినప్పుడు బింబం పడే ఫలకం కట్టడానికి సమాంతరంగా ఉండదు గనుక, నిలువు గీతలు పైకి పోయేకొద్దీ దగ్గరై కట్టడం వెనక్కి ఒరిగినట్లు కనిపిస్తుంది. మామూలు భవనంలో ఈ లోపాన్ని కంప్యూటర్‌లో సరిదిద్దవచ్చు గానీ, గోపురం స్వభావరీత్యానే పైకి సన్నగిల్లుతుంది కాబట్టి, సవరణ ఎక్కువైతే స్థపతి ఉద్దేశించిన వాలు చెరిగిపోయి గోపురం పెట్టెలా తయారవుతుంది. నిజమైన వాలు ఏదో, కెమెరా ఎత్తడం తెచ్చిన వాలు ఏదో తెలియాలంటే పక్కనున్న దీపస్తంభాన్నో గోడ అంచునో చూడాలి. అవి నిటారుగా నిలిచి, గోపురం మాత్రమే సన్నగిల్లిన చిత్రం తీసినవారి ఓర్పుకు సాక్ష్యం.

వెలుగు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. టాటా ఉక్కు కంపెనీ స్వర్ణోత్సవానికి, మైసూరు బృందావనం నమూనాగా, 1958లో ఏర్పడిన జూబిలీ పార్కును ఏటా మార్చి 3న, జంషెడ్‌జీ జయంతికి, దీపాలతో అలంకరిస్తారు. ఆ చిత్రాలు తొలిచూపులోనే మనసు దోచుకుంటాయి. కానీ వాటిలో అనేకం దీపాలు అమర్చినవారి కష్టాన్ని చూపినంతగా ఛాయాగ్రాహకుని ఆలోచనను చూపవు. చీకటి పూర్తిగా పడకముందు, ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉన్న కొద్ది నిమిషాల్లో తీసిన చిత్రంలో దీపంతో పాటు గోడ, చెట్టు, మెట్టు కూడా కనిపిస్తాయి గనుక దానికే మొగ్గు చూపడం న్యాయం.

ఈ ఊరి అసలు శిల్పం మాత్రం ఏ ఒక్క భవనంలోనూ లేదు. పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెనెడీ తొలి ప్రణాళిక మొదలుకొని, 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్, 1940ల్లో ఒట్టో కోనిగ్స్‌బర్గర్ దిద్దిన ప్రణాళికల దాకా, వారి ఆలోచన వీధుల అమరికలో, ఖాళీ స్థలాల్లో, వరుస క్వార్టర్లలో ఇమిడి ఉంది. ఒక వరుస క్వార్టర్లు, వాటి ముందు చెట్ల నీడ, గడప దగ్గర నిలబడిన మనిషి, ఆ మనిషి ఎత్తును బట్టి తలుపు, కప్పు, వీధి కొలతలు అందేలా కూర్చిన చిత్రం మొదటి వడపోతలో వెనుకబడవచ్చు. అందుకే తీసినవారి పేర్లు కప్పి, అన్నింటినీ రెండో రోజు మళ్లీ పెద్ద తెరపై చూడడం అవసరం. మొదటి రోజు మెరిసినవి కొన్ని అప్పుడు వెలవెలబోగా, క్వార్టర్ల చిత్రం మాత్రం చూసేకొద్దీ కొత్త వివరం ఇస్తూ ఉంటే, గోపురాన్నీ దీపాలనూ కాదని బహుమతి దానికే ఇవ్వాలి.