జరగబోయే దెబ్బకూ చట్టంలో చోటుంది

భర్త చేతిలో హింస అనుభవించామని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 29 శాతం వివాహిత స్త్రీలు చెప్పారు. తెలంగాణలో అది దాదాపు 37 శాతం. అంతకన్నా కలచివేసే లెక్క మరొకటుంది. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనని తెలంగాణలో నూటికి 84 మంది స్త్రీలే అన్నారు. మన ఆడవాళ్లకే చైతన్యం లేదని దీన్ని బట్టి తేల్చేయడం సులువు. నాకు మాత్రం అందులో దారి లేనితనం కనిపిస్తోంది. తప్పించుకోలేని దెబ్బకు ఏదో ఒక కారణం చెప్పుకుంటే తప్ప ఆ ఇంట్లో బతకడం కష్టం.

ఆ దారి ఎందుకు లేదో జోగులాంబ గద్వాల జిల్లాలోని గట్టు మండలం వైపు చూస్తే తెలుస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో అక్షరాస్యత అన్నిటికన్నా తక్కువ ఉన్నది ఈ జిల్లాలోనే, 50 శాతం లోపే. సీడ్ పత్తి చేలలో పూలు క్రాసింగ్ చేయించడానికి ఆడపిల్లలను బడి మాన్పించడం ఈ ప్రాంతంలో ఏళ్ల తరబడి సాగింది. అలా బడి తప్పిన పిల్లకు పెళ్లి తొందరగా అవుతుంది. చేతిలో చదువు, పేరు మీద భూమి లేకుండా అత్తగారింట అడుగుపెడుతుంది. దెబ్బలు తిని తల్లిగారింటికొస్తే పెద్దమనుషులు పంచాయితీ పెట్టి, సర్దుకుపో బిడ్డా అని మళ్లీ అక్కడికే పంపుతారు.

2006 అక్టోబర్ 26న అమల్లోకి వచ్చిన గృహహింస చట్టం ఈ చోటునే పట్టుకుంది. భర్తను జైలుకు పంపడం కన్నా, భార్యను ఇంట్లోంచి గెంటకుండా ఆపడం దాని మొదటి పని. మూడు రోజుల్లో తొలి విచారణ, 60 రోజుల్లో తీర్పుకు ప్రయత్నించాలని చెబుతుంది. ఆమె తరఫున కాగితం కదిలించాల్సింది రక్షణాధికారి. చాలాచోట్ల అది వేరే ఉద్యోగం మీద మోపిన అదనపు బాధ్యత. చట్టం వచ్చిన ఇన్నేళ్లకు, 2025 మే నెలలో, ఈ అధికారులను తాలూకా స్థాయిలో కూడా నియమించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించాల్సి వచ్చింది.

దొంగ కేసులు పెరుగుతాయని కొందరి భయం. భార్యను వేధించిన కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయవద్దని 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు కట్టడి చేసింది. గృహహింస చట్టం కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వును మీరితేనే శిక్ష. పైగా హింసకు గురైన స్త్రీలలో సాయం కోరింది 14 శాతమే. దేశాన్ని పీడిస్తున్నది పెట్టిన ఫిర్యాదు కన్నా పెట్టని ఫిర్యాదే. ఇక మద్యం మాన్పిస్తే చాలదా అంటారు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో రాజేసిన సారా ఉద్యమం 1995 నాటికి సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. ఆ స్త్రీల గెలుపు చాలా గొప్పది. కానీ 1997లో ప్రభుత్వం నిషేధాన్ని సడలించింది. ఖజానా అవసరాన్ని బట్టి వచ్చిపోయే ఊరట హక్కు కాలేదు.

హింస జరిగాకనే కాదు, జరిగే అవకాశం ఉందనిపించినా ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చని ఈ చట్టం నాలుగో సెక్షన్ అంటోంది. సదుద్దేశంతో చెప్పినవారి మీద కేసు ఉండదు. ఏ ఇంట్లో ఏం ముంచుకొస్తోందో ఊళ్లో అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు, మహిళా సంఘం సభ్యులకు ముందే తెలుస్తుంది. వాళ్లు చెబితే వినడానికి ప్రతి మండలంలో ఆ పనే చేసే ఒక అధికారి కావాలి, గట్టులో అందరికన్నా ముందు.