నేతాజీని మోసిన జలాంతర్గామి

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ నిర్మించిన జలాంతర్గాములు వెయ్యికి పైబడినవి. వాటికి పేర్లు లేవు. సంఖ్యలు మాత్రమే ఉండేవి. వాటిలో యు-180 అనే నౌక యుద్ధదృష్టితో చూచినప్పుడు గొప్పది కాదు. అది ముంచిన ఓడలు రెండే. అయినా దాని చరిత్ర మనం తెలుసుకొనదగినది. 1943లో సుభాస్ చంద్ర బోసు ఐరోపానుండి ఆసియాకు చేసిన రహస్యప్రయాణంలో మొదటి భాగమూ, దీర్ఘతరమైన భాగమూ ఈ నౌకలోనే జరిగినది. ఆయన వెంట ఉన్న భారతీయుడు ఒక్కడే. అతడు మన హైదరాబాదువాడైన ఆబిద్ హసన్.

జలాంతర్గామి అనగానే అది ఎల్లవేళలా నీటి అడుగున సంచరించేదని భావిస్తాము. ఆనాటి నౌకల విషయంలో అది నిజం కాదు. డీజిల్ యంత్రాలు పనిచేయటానికి గాలి కావాలి. కనుక వాటితో నీటిపైననే ప్రయాణం చేయాలి. మునిగి ఉన్నంతసేపూ బ్యాటరీలతో తిరిగే విద్యుత్ మోటార్లే శరణ్యం. వేగంగా పోతే ఆ శక్తి కొద్ది గంటలలోనే హరించిపోతుంది. అందువల్ల అపాయకరమైన జలాలలో పగలు మునిగి ఉండటం, రాత్రి పైకి తేలి బ్యాటరీలను నింపుకొనటం ఆనాటి నావికుల దినచర్య.

యు-180 జర్మనీలోని బ్రేమెన్ నగరంలో తయారై, 1942 మే నెలలో నౌకాదళంలో చేరినది. సుమారు 88 మీటర్ల పొడవుగల ఈ నౌక దూరప్రయాణాలకు ఉద్దేశించినది. వేగం కొరకు దీనిలో చిన్న టార్పెడో పడవలకు వాడే యంత్రాలను ఆరింటిని అమర్చినారు. అదే దాని లోపమైనది. ఆ యంత్రాలు విపరీతంగా వేడెక్కేవి. దట్టమైన పొగను వెలువరించేవి. శత్రువు కంటపడకుండా తిరుగవలసిన నౌకకు పొగను మించిన విరోధి లేదు.

బోసు 1941 జనవరిలో కలకత్తానుండి అదృశ్యుడై, కాబూలు, సోవియట్ రష్యాల మీదుగా బెర్లిను చేరినారు. ఆ ఏడు జూన్‌లోనే జర్మనీ రష్యాపై దండెత్తటంతో ఆ దారి మూసుకొనిపోయినది. ఇతర సముద్రమార్గాలపై బ్రిటిషువారి కాపలా ఉన్నది. తూర్పుకు పోవాలంటే నీటి అడుగు దారి తప్ప గత్యంతరం లేకపోయినది. 1943 ఫిబ్రవరి 9న ఆయన, హసన్ కీల్ రేవులో యు-180 ఎక్కినారు. నౌకాధిపతి వెర్నర్ ముజెన్‌బెర్గ్. ఉత్తర సముద్రం, అట్లాంటిక్ దాటి, ఆఫ్రికా దక్షిణపు కొనను చుట్టి రావాలి. ఆ ఇరుకులో, డీజిల్ వాసనలో, రెండున్నర నెలలు గడిచినవి. బోసు ఆ కాలాన్ని వృథా చేయలేదు. తమ రచనలను సవరిస్తూ, మున్ముందు చేయవలసిన ఉపన్యాసాలను హసన్‌చేత వ్రాయించినారు.

ఇది కేవలం ప్రయాణనౌక కాదు, యుద్ధనౌక. ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికాకు దూరంగా కార్బిస్ అనే బ్రిటిషు చమురు ఓడను అది టార్పెడోతో ముంచినది. ఆ ఓడవారిలో పెక్కుమంది మరణించినారు. ఒక దేశ స్వాతంత్ర్యం కొరకు బయలుదేరిన మనిషి, ఇతర దేశాలను ఆక్రమించిన ప్రభుత్వపు నౌకలో కూర్చొని పోవలసి వచ్చినది. హిట్లరు ప్రభుత్వం భారతదేశంపై ప్రేమతో ఈ సహాయం చేయలేదు; బ్రిటనును బలహీనపరచటమే దాని ఉద్దేశం. బోసు మార్గాన్ని గురించి మనవారిలో నాడూ అభిప్రాయభేదాలున్నవి, నేడూ ఉన్నవి. ఆ వివాదానికంతటికీ మూలమైన చిక్కు ఈ ప్రయాణంలోనే ఇమిడి ఉన్నది.

ఏప్రిల్ చివరివారంలో, మడగాస్కరుకు ఆవల, యు-180 జపాను జలాంతర్గామి ఐ-29ను కలుసుకొన్నది. సముద్రం అల్లకల్లోలంగా ఉన్నది. చివరకు బోసు, హసన్ రబ్బరు తెప్పపై కెరటాలకు తడుస్తూ రెండవ నౌకకు చేరినారు. అటునుండి ఇద్దరు జపాను అధికారులు, సుమారు రెండు టన్నుల బంగారం జర్మను నౌకలోనికి వచ్చినవి. యుద్ధకాలంలో రెండు వేర్వేరు దేశాల జలాంతర్గాముల మధ్య నడిసముద్రంలో ఇట్లు ప్రయాణికులు మారటం అత్యంత అరుదైన సంగతి.

మే నెల మొదటి దినాలలో ఐ-29 సుమత్రా కొనయందలి సబాంగు చేరినది. యు-180 తిరుగుదారిలో జూన్ 3న బోరిస్ అనే గ్రీకు ఓడను ముంచి, జూలై మొదటి వారంలో ఫ్రాన్సులోని బోర్డో రేవు చేరినది. ఆ వారంలోనే, జూలై 4న, నేతాజీ సింగపూరులో భారత స్వాతంత్ర్య సంఘపు నాయకత్వం స్వీకరించినారు.

తరువాత యు-180 యంత్రాలను మార్చి, టార్పెడో గొట్టాలను తొలగించి, సరకుల నౌకగా చేసినారు. 1944 ఆగస్టు 20న అది బోర్డోనుండి మరల తూర్పుకు బయలుదేరినది. బిస్కే అఖాతం దాటలేదు. అందులోని 56 మందీ మరణించినారు. అంతకు నెల ముందే, జూలై 26న, ఐ-29ను లూజాన్ సమీపంలో అమెరికా జలాంతర్గామి ముంచివేసినది. ఆ యుద్ధంలో జర్మను జలాంతర్గాములలో పనిచేసిన సుమారు నలభైవేల మందిలో ముప్పైవేల మంది దాకా ఇదే గతి పొందినారు.

ఆబిద్ హసన్ యుద్ధానంతరం స్వదేశానికి తిరిగి వచ్చి, స్వతంత్ర భారత రాయబారిగా పనిచేసి, 1984లో మరణించినారు. 'జైహింద్' నినాదాన్ని రూపొందించినది ఆయనే అని చెబుతారు. ఆనాడు ఆ తెప్పకు అటూ ఇటూ నిలిచిన రెండు నౌకలూ సముద్రగర్భంలో ఉన్నవి. తెప్ప మీది మాట మాత్రం దేశమంతటా వినిపిస్తున్నది.