ఆవిరిలో పోవు సొమ్ము

విశాఖపట్నమునుండి జాతీయ రహదారిపై అనకాపల్లి వైపు పోవువారికి గాజువాక దాటిన పిమ్మట కూర్మన్నపాలెము కూడలి వచ్చును. విశాఖ ఉక్కు కర్మాగారమునకును, ఉక్కునగరమునకును ఇచటినుండియే దారి చీలును. ఒకవైపు ఇనుమును కరగించు కొలుములు. వేరొకవైపు ఉదయపు షిఫ్టుకు పోవువారికొరకు తెల్లవారకముందే వెలుగు వంటపొయ్యిలు. ఈ రెంటికి పోలిక యేమున్నదని తోచవచ్చును. కాని వేడికి సంబంధించిన సూత్రములు కొలిమికైనను, కుండకైనను ఒక్కటే. పొదుపు అనగా పిసినారితనము కాదు. వ్యయపరచిన ప్రతి పైసానుండి పూర్తి ఫలమును రాబట్టుట. ఆ పని వంటింటిలో ఎట్లు జరుగునో విచారింతము.

ఎసరు కాగిన తరువాత

ఒక లీటరు నీటిని 30 డిగ్రీల సెంటిగ్రేడునుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 70 కిలోకేలరీల వేడి చాలును. ఆ నీరంతయు ఆవిరి కావలెనన్నచో మరి 540 కిలోకేలరీలు కావలెను. అనగా దాదాపు ఎనిమిది రెట్లు! దీనినే బాష్పీభవన గుప్తోష్ణము అందురు. ఇంత వేడిని మ్రింగియు, మామూలు గిన్నెలోని నీటి ఉష్ణోగ్రత 100 డిగ్రీలను మించదు. పప్పు ఉడుకుట నీటి ఉష్ణోగ్రతపై ఆధారపడి యుండునుగాని, మంట పెద్దదా చిన్నదా అను దానిపై కాదు. కాబట్టి ఎసరు మరుగుట ప్రారంభమైన పిదప పెద్దమంట వలన పప్పు త్వరగా ఉడకదు. ఆవిరి మాత్రము ఎక్కువగా పోవును.

దీని వలన నష్టమెంత? ఒక ఇంట దినమునకు అరలీటరు నీరు వృథాగా ఆవిరియైనదనుకొందము. అందుకు 270 కిలోకేలరీలు ఖర్చగును. ఒక కిలోగ్రాము వంటగ్యాసు మండినచో సుమారు 11,000 కిలోకేలరీలు వెలువడును. అందులో నూటికి 60 పాళ్లు గిన్నెకు చేరినను, ఆ అరలీటరుకు దాదాపు 41 గ్రాముల గ్యాసు కావలెను. ఇది సంవత్సరమునకు సుమారు 15 కిలోగ్రాములు. ఇంటి సిలిండరులో ఉండునది 14.2 కిలోగ్రాములే! అనగా ఏటా ఒక నిండు సిలిండరు కిటికీ గుండా గాలిలో కలిసిపోవుచున్నదన్నమాట.

నివారణోపాయము సులభమైనది. గిన్నెపై మూత ఉంచవలెను. ఎసరు కాగగానే మంట తగ్గించవలెను. ప్రెషర్ కుక్కరులో పీడనము వాతావరణ పీడనమునకు దాదాపు రెట్టింపగుటచే నీరు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగును. అందుచే కందిపప్పు త్వరగా మెత్తబడును. అయితే కుక్కరు వేయు ప్రతి కూతయు బయటికి పోవు ఆవిరియే. కావున మొదటి కూత రాగానే మంటను సన్నగించుట మంచిది. శనగలు, పెసలు వంటివి ముందుగా నానబెట్టినచో లోపలివరకు నీరు చేరియుండుటచే ఉడుకు కాలము తగ్గును. మంట నీలముగా నుండవలెను. పసుపు పచ్చగా మండి గిన్నెలకు మసి పట్టించుచున్నచో గ్యాసు పూర్తిగా దహనము కాలేదని అర్థము. బర్నరు రంధ్రములను శుభ్రపరచవలెను.

పూర్వపు గృహిణులు ఈ లెక్కలు చదువకయే ఫలితమును ఎరిగియుండిరి. అన్నము వార్చిన పిమ్మట మూతపెట్టి ఉమ్మగిలనిచ్చెడివారు. మిగిలిన వేడితోనే మెతుకు పదునుకు వచ్చెడిది. పాలకుండను దాలిలోని పిడకల సెగపై గంటల తరబడి కాగనిచ్చెడివారు. వార్చిన గంజి బట్టలకు పనికివచ్చెడిది; బియ్యము కడిగిన నీరు పశువుల కుడితిలో చేరెడిది.

కర్మాగారములోను అదే నీతి

కోకు బొగ్గు బట్టీనుండి వెలువడునప్పుడు సుమారు 1,000 డిగ్రీల వేడితో ఎర్రగా నుండును. దానిపై నీరు చల్లి ఆర్పుట పాతపద్ధతి. వేడియంతయు ఆవిరి మేఘముగా పోవును. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారములో నైట్రొజను వాయువుతో కోకును చల్లార్చు పొడి పద్ధతి నెలకొల్పబడినది. వేడెక్కిన వాయువు బాయిలరులో నీటిని ఆవిరిగా మార్చును; ఆ ఆవిరి మరల పనికివచ్చును. కొలిమినుండి వచ్చు చిట్టెము సిమెంటు తయారీకి ఉపయోగపడును. ఒక పనిలో మిగిలినది వేరొక పనికి ముడిసరుకగుచున్నది.

దీపము, కొళాయి

60 వాట్ల తంతు బల్బు రోజుకు 5 గంటలు వెలిగినచో 30 దినములకు 9 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. అందులో అధికభాగము వెలుగుగా గాక వేడిగా పోవును. దాదాపు అంతే వెలుగునిచ్చు 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు 1.35 యూనిట్లు చాలును.

క్షణమునకొక చుక్క కారు కొళాయి దినమునకు 86,400 చుక్కలు విడుచును. ఇరువది చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకొన్నచో, అది 4.3 లీటర్లు, నెలకు 130 లీటర్లు. విశాఖ ప్రాంతమునకు ఏలేరు నీరు సుమారు 150 కిలోమీటర్లు కాలువలో ప్రయాణించి వచ్చుచున్నదని గుర్తుంచుకొన్నచో, ఆ కొళాయికి కొత్త వాషరు వేయించుట ఎంత లాభమో తెలియగలదు.

పొదుపు కానిది

కొన్ని పొదుపులు మందుల ఖర్చు తెచ్చును. ఒకే నూనెను పలుమార్లు కాచి వేపుళ్లకు వాడినచో అది విచ్ఛేదము చెంది హానికర పదార్థములు ఏర్పడును. వండిన అన్నమును ఉక్కపోతలో గంటల తరబడి విడిచినచో కొన్ని సూక్ష్మజీవులు విషమును పుట్టించును. మరల వేడిచేసినను అది నశింపదు. మిగిలిన అన్నమును వెంటనే చల్లార్చి శీతల యంత్రములో ఉంచవలెను. అన్నిటికంటె మేలు, కొలిచి వండుట.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఒకే రకపు గిన్నెలు రెండు తీసికొని, ఒక్కొక్కదానిలో ఒక లీటరు నీరు పోసి, ఒకే పొయ్యిపై ఒకదాని తరువాత ఒకటి కాచి చూపవచ్చును. ఒకదానికి మూత ఉంచవలెను, రెండవదానికి ఉంచరాదు. మరుగుటకు పట్టిన కాలమును, మరిగిన తరువాత 15 నిమిషములకు మిగిలిన నీటిని కొలిచి విద్యార్థులు పట్టిక వ్రాయవలెను. పిమ్మట ఆ పట్టికను ఇంటికి కొనిపోయి అమ్మకు చూపి, ఆ నెల సిలిండరు ఏ తేదీన మొదలైనదో, ఏ తేదీన అయిపోయినదో గోడ క్యాలెండరుపై గుర్తుపెట్టవలెను. రెండు మూడు సిలిండర్లు మారునప్పటికి గుప్తోష్ణము అను మాటకు అర్థము పుస్తకములో వెదకవలసిన పని యుండదు.