నాయకుడు పక్కన లేని రోజు
(ఒక యుద్ధ చిత్రం నేర్పిన పాఠం)

పదిమంది కలిసి ఉండే ప్రతి చోటా ఒక నాయకుడు ఉంటాడు. తరగతికి లీడరు, మెస్ కమిటీకి సెక్రటరీ, గదికి రూమ్ లీడరు. మన హాస్టల్ విద్యార్థులకు ఈ బాధ్యతలు కొత్త కావు. అయితే నాయకుడు మెత్తగా ఉంటే మంచిదా, కఠినంగా ఉంటే మంచిదా అని అడిగితే ఎవరి జవాబు వారిదే. ఈ ప్రశ్న చుట్టూ నడిచే ఒక పాత యుద్ధ చిత్రాన్ని పి.జి. తరగతిలో మాకు చూపించారు. దాని పేరు 'ట్వెల్వ్ ఓ క్లాక్ హై'. 1949లో వచ్చిన ఈ హాలీవుడ్ చిత్రానికి దర్శకుడు హెన్రీ కింగ్, కథానాయకుడు గ్రెగరీ పెక్. అమెరికా వైమానిక దళంలోనూ, మేనేజ్‌మెంట్ కళాశాలల్లోనూ నాయకత్వ పాఠంగా దీన్ని ఎన్నో ఏళ్ళుగా చూపిస్తున్నారు.

ముందుగా పేరు సంగతి. విమాన సిబ్బంది దిక్కులను గడియారం అంకెలతో చెప్పుకుంటారు. తిన్నగా ఎదురుగా ఉన్నది పన్నెండు. శత్రు విమానం ఎదురుగా, పై నుంచి వస్తోందని చేసే హెచ్చరికే ఈ పేరు.

కథ 1942 నాటిది. ఇంగ్లండులోని స్థావరాల నుంచి అమెరికన్ బాంబర్లు హిట్లర్ సైన్యాల మీద దాడులు చేస్తున్న రోజులు. బ్రిటిష్ వాళ్ళు రాత్రిపూట వెళ్ళేవారు. అమెరికన్లు పట్టపగలు, గురి చూసి బాంబులు వేసేవారు. పగలు వెళ్తే గురి కుదురుతుంది, కానీ శత్రువు కంటికీ కనిపిస్తాం. ఒక్కో బి-17 విమానంలో పదిమంది. ఒక విమానం కూలితే పది ఇళ్ళకు టెలిగ్రాములు వెళ్ళేవి. చిత్రంలోని 918వ గ్రూపు కల్పితమే అయినా, దాని వెనుక 306వ గ్రూపు నిజ చరిత్ర ఉంది. 1943 జనవరిలో ఆ గ్రూపు కమాండర్‌ను తప్పించి ఫ్రాంక్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అప్పగించారు. అదే నెల 27న జర్మనీ గడ్డ మీద అమెరికన్లు జరిపిన తొలి బాంబు దాడికి ఆ గ్రూపే ముందు నడిచింది.

అందరికీ ఇష్టమైన కమాండర్

చిత్రం మొదట్లో 918వ గ్రూపు కమాండర్ కల్నల్ డావెన్‌పోర్ట్. మంచి మనిషి. కుర్రాళ్ళ పేర్లు, వాళ్ళ కష్టాలు అన్నీ తెలుసు. వాళ్ళూ అతని కోసం ప్రాణమిస్తారు. అయినా గ్రూపు నష్టపోతూనే ఉంటుంది. ఒకసారి దారి చూపించే నావిగేటర్ పొరపాటు వల్ల దాడి ఆలస్యమై విమానాలు పోతాయి. అతన్ని తప్పించమని పై అధికారి అంటే డావెన్‌పోర్ట్ ఒప్పుకోడు. అప్పుడు డావెన్‌పోర్ట్‌నే తప్పిస్తారు. తన మనుషులతో ఎంతగా కలిసిపోయాడంటే, వాళ్ళ అలసట అతని అలసటైపోయింది. మన అదృష్టం ఇంతే అని వాళ్ళు అనుకుంటుంటే అతనూ అదే అనుకున్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పదవ తరగతిలో నేను రూమ్ లీడర్ని. నా పక్క పెట్టె మిత్రుడు స్టడీ అవర్ ఎగ్గొట్టి గోడ దూకి సినిమాకు వెళ్తే హాజరు వేశాను. మర్నాడు ఇంకొకడు అడిగాడు. ఆ తర్వాత కాదనలేకపోయాను. ఆ ఏడాది నా మిత్రుడు లెక్కల్లో తప్పాడు. అతని చదువు అక్కడే ఆగింది. నేను మంచితనం అనుకున్నది నిజానికి భయం. చెడ్డవాణ్ణి అయిపోతానేమోనన్న భయం. డావెన్‌పోర్ట్‌ను చూస్తుంటే నాకు ఆ హాజరు పుస్తకమే గుర్తొచ్చింది.

ఎవరికీ ఇష్టం లేని కమాండర్

కొత్తగా వచ్చిన జనరల్ శావేజ్ గేటు దగ్గరే మొదలుపెడతాడు. తన కారును సరిగా తనిఖీ చేయకుండా లోపలికి వదిలిన కాపలా సైనికుణ్ణి మందలిస్తాడు. బార్ మూయిస్తాడు. భయపడటం మానాలంటే ఇప్పటికే చచ్చిపోయామనుకోండి అని పైలట్లకు చెబుతాడు. ఫలితంగా పైలట్లందరూ బదిలీకి దరఖాస్తు పెడతారు. ఆ కాగితాలను ఆఫీసు వ్యవహారాలు చూసే మేజర్ స్టోవాల్ ఏదో ఒక వంక పెట్టి ఆలస్యం చేస్తాడు. ఈ పాత్ర వేసిన డీన్ జాగర్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంఘటన ఒకటుంది. ఒక పైలట్ తన రూమ్మేట్ విమానం దెబ్బతింటే సాయం చేద్దామని వరుస విడిచి వెళ్తాడు. మనకైతే అది స్నేహం. శావేజ్‌కు అది నేరం. ఎందుకంటే బాంబర్లు దగ్గర దగ్గరగా వరుస కట్టి ఎగిరితేనే అందరి మెషిన్ గన్లూ ఒకరినొకరు కాచుకుంటాయి. ఒకడు వరుస విడిస్తే అక్కడ ఖాళీ పడుతుంది, శత్రువు ఆ ఖాళీలోంచి వస్తాడు. ఒక మిత్రుడి కోసం వెళ్ళి మిగతా అందరినీ ప్రమాదంలో పెట్టాడన్నమాట. శావేజ్ గదులన్నీ మార్పించి ప్రతివాడికీ కొత్త రూమ్మేట్‌ను ఇస్తాడు.

మరి మనోధైర్యం ఎలా పెరిగింది? తిట్ల వల్ల కాదు. దాడులు ఆపించి మళ్ళీ మొదటి నుంచి సాధన చేయించాడు. ఆ తర్వాత ప్రమాదమున్న చోటికి తానే ముందు విమానంలో వెళ్ళాడు. ఒక రోజు వాతావరణం బాగాలేదని అన్ని గ్రూపులూ వెనుదిరిగితే, 918వ గ్రూపు ఒక్కటే వెళ్ళి, ఒక్క విమానం కూడా పోకుండా పని ముగించి వస్తుంది. మాకు చేతనవుతుంది అన్న నమ్మకం ఆ రోజు పుట్టింది. బదిలీ కాగితాలు వెనక్కు తీసుకున్నారు. చివరికి ఆఫీసు గుమస్తా, మతగురువు కూడా దొంగచాటుగా విమానమెక్కి దాడికి వెళ్ళారు.

ఒక్క చోట నాకు ఈ చిత్రంతో పేచీ ఉంది. పని తప్పించుకు తిరిగిన గేట్లీ అనే అధికారిని శావేజ్ కింది స్థానానికి దించి, పనికిరానివాళ్ళందరినీ అతని విమానంలో వేసి, దాని మీద 'కుష్ఠురోగుల కాలనీ' అని రాయిస్తాడు. వెలి అంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోవలసిన వాళ్ళం కాము మనం. పేరు పెట్టి అవమానిస్తే మనిషి మారతాడని నేను నమ్మను. గేట్లీ మారాడు, నిజమే. వెన్నెముక దెబ్బతిన్నా ఎవరికీ చెప్పకుండా మూడు దాడులకు వెళ్ళాడు. అయితే అతన్ని నిలబెట్టింది ఆ పేరు కాదు, చేతికిచ్చిన విమానం, చేయవలసిన పని అని నా అభిప్రాయం. శావేజ్ కూడా ఆ సంగతి తెలిసి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు తడబడతాడు.

కఠినుడూ కూలిపోయాడు

చిత్రం గొప్పతనం చివర్లో ఉంది. తన మనుషుల్ని ప్రేమించకూడదనుకున్న శావేజ్ ప్రేమించక తప్పలేదు. ఒక్కొక్కరినీ పోగొట్టుకుంటూ వచ్చాడు. ఒక రోజు విమానం ఎక్కబోతే చేతులు పట్టు చాలక పైకి లేవలేకపోతాడు. రాయిలా కూర్చుండిపోతాడు. ఆ దాడిని నడిపించింది ఎవరు? ఆ గేట్లీయే. నాయకుడు లేకుండా గ్రూపు వెళ్ళి, పని ముగించి తిరిగొచ్చింది. విమానాల చప్పుడు విన్నాకే శావేజ్ నిద్రపోతాడు.

కుర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి పదేళ్ళ పిల్లల బృందాల మీద చేసిన ప్రయోగం 1939లో ప్రచురితమైంది. అన్నీ తానే శాసించే నాయకుడు, పిల్లలతో చర్చించి నిర్ణయించే నాయకుడు, ఏదీ పట్టించుకోని నాయకుడు అని మూడు రకాలుగా చూశారు. శాసించే నాయకుడు గది దాటగానే పని కుంటుపడింది. చర్చించిన నాయకుడు బయటికెళ్ళినా పిల్లలు పని కొనసాగించారు. అంటే నాయకత్వానికి అసలు పరీక్ష నాయకుడు పక్కన లేని రోజే.

తమ్ముళ్ళూ, మనలో చాలామంది ఇళ్ళల్లో ఆజ్ఞలు అందుకోవడమే తప్ప ఇవ్వడం తెలియదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. రేపు మనం టీచర్లం, అధికారులం, బహుశా ఇలాంటి హాస్టల్‌కే వార్డెన్లం అవుతాం. ఆ రోజు మనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతి అని గదమాయింపునే ఎంచుకోకూడదు. మనల్ని చూసి పోన్లే పాపం అన్నవాళ్ళలా జాలి చూపి వదిలేయనూ కూడదు. పని నేర్పాలి, పక్కన నిలబడాలి, నమ్మి అప్పగించాలి.

దానికి సాధన ఇక్కడే మొదలుపెట్టవచ్చు. ఈ రాత్రి వార్డెన్ సార్ ఊళ్ళో లేకపోయినా ఏడింటికి స్టడీ అవర్ గంట మోగిందా? మోగితే మీ లీడరు మంచి లీడరే.